గోడలో మూడోది

మూడు గంటల రెండు నిమిషాలు అని చేతి గడియారం ఆడగొంతుతో చెప్పింది, మెట్లు దిగేవాడి మోచెయ్యి అడక్కుండా పట్టుకునే మనుషుల గొంతు అది, నాకు పడదు, అయినా ఇవాళ దానితో పనుంది, ఎందుకంటే గోడ మీద ఆఖరి పూత లాగి తాపీ కింద పెట్టింది ఇప్పుడే. కలిపింది అరవై రకం లప్పం. మా పనిలో సంచి మీద ఎంత అంకె ఉంటే అన్ని నిమిషాల్లో అది బిగుస్తుంది, కాబట్టి నాలుగయ్యేసరికి గోడ సంగతి తేలిపోతుంది, నా సంగతీ తేలిపోతుంది. నాలుగింటికి నా భార్య లొరేన్ గడ్డి మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బు నుంచి వస్తుంది, ఆవిడ తమ్ముడు క్లైవ్ తన దీపం పట్టుకుని వస్తాడు, స్పీకర్లు బిగించిన అమ్మాయి టెగన్ వీధిలో ఆపుకున్న వ్యానులోంచి నిద్ర లేచి వస్తుంది. అప్పటిదాకా ఈ కుర్చీలో కూర్చుని గోడను చూస్తూ ఉండటమే నా పని. చూస్తూ అనే అన్నాను. నీటికాసుల జబ్బు నా రెండు కళ్ళనీ తినేసి నాలుగేళ్ళయింది, కిటికీ ఎటుందో తెలిసేంత వెలుతురు మాత్రం దయతలచి వదిలింది, అయినా నేను చూస్తూనే ఉన్నాను, ఎవరికైనా అభ్యంతరం ఉంటే బయట ఉత్తరపు గాలి వీస్తోంది, వెళ్ళి దానికి చెప్పుకోవచ్చు.

ఉత్తరపు గాలి, కిటికీ మూశానా, మూశాను, ఫిబ్రవరి అంటే మా జీలాంగ్‌లో నడివేసవి, ఈ వేడిగాలికి ఒక్క సందు దొరికితే చాలు, తడి లప్పాన్ని బీటలు కొట్టించి పోతుంది, మందపాటి కర్టెన్లు కూడా లాగాను, ఫ్యాను ఆపాను, గదిలో ఇప్పుడు తడిసిన సుద్దముక్క వాసన, యాభై ఏళ్ళుగా నా చొక్కాల్లోంచి లొరేన్ ఉతికి ఉతికి వదిలించలేకపోయిన వాసన. ఆ గోడలో, నిలువు కొయ్యల మధ్య, రెండు స్పీకర్లున్నాయి. చిల్లుల మూత, గుడ్డ ముసుగు ఏమీ లేవు వాటికి, ముఖం నున్నటి పలకలా ఉంటుంది, దాని మీద లప్పం పూసి రంగు వేస్తే ఇక గోడే మిగులుతుంది, ఆ గోడే మాట్లాడుతుంది. ఇంట్లో సినిమా చూసుకోవడానికి ముందు కొన్నవి ఒంటికాలి మీద నిలబడే స్పీకరు డబ్బాలు. నేను ఈ ఇంట్లో నడిచేది గోడ మీద ఎడమచేతి వేళ్ళు ఆనించుకుని, ఇదిగో తలుపు, ఇదిగో అల్మరా, ఇక్కడ మలుపు అని వేలికి గోడ చెబుతూ ఉంటుంది, అలాంటి దారిలో ఆ డబ్బాలు దొంగల్లా నిలబడి ఉండేవి, ఒకదాన్ని తన్నుకుని ముంగాలికి ఏడు కుట్లు వేయించుకున్నాను. "ఈ గదిలో అవైనా ఉండాలి, నువ్వైనా ఉండాలి" అంది లొరేన్. సినిమా మానేస్తాననుకుంది కాబోలు. అవి గోడలోకి పోతాయి, నేను ఇక్కడే ఉంటాను అన్నాను. మరుసటి ఆదివారం పెరట్లో సాసేజీలు కాలుస్తూ క్లైవ్ అందుకున్నాడు, ఒకటి నోట్లో పెట్టుకుని మరీ అన్నాడు, "కళ్ళు లేనోడికి సినిమా హాలెందుకు బావా, రేడియో చాల్లేదా?" అని. "నీకు కళ్ళున్నాయిగా, ఆ చివర ఉన్నవి మాడిపోతున్నాయి చూసుకో" అన్నాను. నిజంగానే మాడిపోతున్నాయి, వాసన నాకు ముందే వచ్చింది.

అసలు ముందు నన్ను ఈ గోడ ముట్టుకోనివ్వలేదు. రెండు కళ్ళూ బ్రహ్మాండంగా ఉన్న ఒక పనివాడు వచ్చాడు, పూశాడు, దీపం పెట్టి చూశాడు, స్పీకరు అంచు నీడ కనిపించింది, ఇంకో పూత కప్పాడు, మళ్ళీ చూశాడు, మళ్ళీ కనిపించింది, మళ్ళీ కప్పాడు. కన్ను ఒక్కదాన్నే నమ్ముకుంటే అంతే. ఆ పలక మీద లప్పం ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉండాలి, మహా అయితే రెండు, అది దాటితే గొంతు మూసుకుపోతుంది, ఆయన నాలుగు మిల్లీమీటర్లు కప్పాడు. టెగన్ మీట నొక్కితే సినిమాలో అందరూ దుప్పటి ముసుగు పెట్టుకుని మాట్లాడినట్టు వినిపించింది. గోడ కోసి తీసేశారు, పూత ఊడదీస్తే పలకలు కూడా పోయాయి, రెండు స్పీకర్లూ చెత్తబుట్టలోకి వెళ్ళాయి. టెగన్ దగ్గర ఇంకొక్క జత ఉంది, ఆ తర్వాత వాటిని తయారుచేయడమే ఆపేశారట. ఈసారి నేను పూస్తాను అన్నాను. గదిలో మాట లేదు. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు, నా తల మీదుగా జనం ఒకరి మొహాలొకరు చూసుకునే నిశ్శబ్దం. టెగన్ ఒక్కతే మాట్లాడింది, "గరాజులో పాత బోర్డు ముక్కుంది, దాని మీద పూసి చూపించండి మర్వ్" అంది. పూశాను. ఆరాక ఏదో సన్న ముల్లు తెచ్చి తొమ్మిది చోట్ల గుచ్చి కొలిచింది, ఒకటిన్నర, ఒకటిన్నర, ఒకటీ ఆరు, ఒకటిన్నర అని పైకి చదువుతూ, తొమ్మిదోది గుచ్చాక "మంగళవారం మొదలుపెడదాం" అంది. పొగడలేదు. చేయి పట్టుకుని గరాజు గుమ్మం దాటించలేదు. అందుకే ఆ అమ్మాయంటే నాకు గౌరవం.

క్లైవ్ ఊరుకుంటాడా. "మళ్ళీ గోడ కోయాల్సొస్తే?" అన్నాడు. "కోయాల్సొస్తే నా తాపీలన్నీ నీవి" అన్నాను. నోరు జారి అన్నది కాదు, కావాలనే అన్నాను. వాడికి తాపీలతో పనేమిటి, వాడు పెయింటరు, కొరాయోలో పని మానేసిన మగాళ్ళంతా చేరి పిట్టగూళ్ళు చేసుకునే షెడ్డొకటుంది, దాని గోడకి వాటిని వరసగా తగిలించి కింద నా పేరు రాయిస్తాడట. అలంకారంగా. నేను బతికుండగా. ఆ మాట వాడు ప్రేమగానే అన్నాడు, అదే నాకు ఒళ్ళు మండించింది, కోపంగా అని ఉంటే తిట్టి వదిలేసేవాణ్ణి. వాటిలో హెంక్ తాపీ ఉంది. హెంక్ నాకు పని నేర్పిన డచ్చివాడు, ఓడ దిగి వచ్చేటప్పుడు తెచ్చుకున్న తాపీ అది, దాని పిడిలో అతని బొటనవేలు అరగదీసిన గుంట ఉంటుంది, దాని పక్కనే నాది. మధ్యాహ్నం రొట్టె తినే ముందు, పొద్దుట్నుంచి పూసిన ప్రతి అతుకు మీదా మా చేత గోరు అడ్డంగా లాగించేవాడు, మెట్టు ఉంటే గోరు టిక్కుమంటుంది, టిక్కుమంటే రొట్టె లేదు, పోయి సరిచెయ్యి. మూడు నెలలు ఆకలితో చచ్చాను. నాలుగో నెల నుంచి రోజూ తిన్నాను. ఇప్పుడు చెప్పండి, ఆ పని చేసింది నా కళ్ళా? కిందటేడు సాయం మంజూరు చేసే ఆఫీసు నుంచి ఫారం పట్టుకుని ఒకావిడ ఇంటికొచ్చింది, మెత్తటి గొంతు, మీరు ఏమేం చేయలేరో ఒక్కొక్కటే చెప్పండి అంది, వంట చేయలేరా, బట్టలు తొడుక్కోలేరా, ఒంటరిగా వీధి దాటలేరా, పేజీలకు పేజీలు, ఏమేం చేయగలరు అన్న గడి ఆ ఫారంలో ఒక్కటి లేదు, నేను అడిగాను, వెనకవైపు కూడా వెతికింది పాపం, లేదు. "అయితే వెనక ఖాళీ ఉందిగా, అక్కడ రాసుకోండి, ప్లాస్టరు పని చేయగలడు అని" అన్నాను. రాసుకుందో లేదో నాకెలా తెలుస్తుంది, పెన్ను చప్పుడు మాత్రం వినపడలేదు.

మూడూ ఇరవై రెండు. గూడ్సు బండి వస్తోంది, గోధుమలు మోసుకుని రేవుకి పోయే బండి, వీధి చివరి పట్టాల మీద ఇంకా ఎక్కడో ఉంది, ముందు నేలకి తెలుస్తుంది, తర్వాత కుర్చీ కాళ్ళకి, ఆ తర్వాత వంటగదిలో ఫ్రిజ్ మీది గ్లాసులకి, లొరేన్ వాటిని దూరం దూరంగా పెట్టమంటే పెట్టదు, ఇప్పుడు అవి గుసగుసలాడుతున్నాయి, ఇప్పుడు ఇల్లంతా సన్నగా వణుకుతోంది, లప్పానికి ఏం కాదు, ఈ వణుకు దానికి జోలపాట, పోయింది, చివరి పెట్టె కూడా పోయింది, అప్పుడు గోడలో టింగుమంది. నా ఎడమవైపు, భుజమెత్తున. ఒక్కసారే. గోరు మెట్టుకి తగిలినంత చప్పుడు. కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాను. అదేమిటో నాకు తెలుసు, ఎందుకంటే అక్కడ పెట్టింది నేనే.

గోడ మూసేవాడు లోపల ఏదో ఒకటి వదిలిపెట్టాలి, మా పనిలో అందరూ చేసేదే, ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు. హెంక్ ఆ రోజు పేపరు మడిచి పెట్టేవాడు, నేను నిలువు కొయ్య మీద పెన్సిల్‌తో పేరు, తేదీ రాసేవాణ్ణి, పాత ఇళ్ళు విప్పినప్పుడు మాకు పొగాకు డబ్బాలు, చంటిపిల్ల చెప్పు, ఒకసారి ఎవరో ఎవరికో ఇవ్వకుండా వదిలేసిన ఉత్తరం దొరికాయి, చదివి మళ్ళీ అక్కడే పెట్టేశాం. మంగళవారం గోడ ఇంకా తెరిచి ఉండగానే టెగన్ రెండు స్పీకర్లనీ వాయించి చూసింది, గంటల్లా మోగాయి, తర్వాత బోర్డు ఎక్కించే ముందు ఫోను వస్తే వీధిలోకి వెళ్ళింది. ఆ రెండు నిమిషాల్లో నేను బకెట్లో గుడ్డ కింద దాచుకున్నదాన్ని తీసి, ఎడమ స్పీకరు పక్క అరలో మేకు కొట్టి తగిలించాను. బిగించలేదు, గుడ్డ చుట్టలేదు, ఊరికే తగిలించాను. యాభై ఏళ్ళలో నేను గోడల్లో వదిలినవేవీ మోగలేదు, ఆ గోడలు మాట్లాడేవి కావు మరి. ఈ గోడ మాట్లాడుతుందని నాకు తట్టలేదు, ఈ గొడవంతా పడ్డది అది మాట్లాడటం కోసమే అయ్యుండి కూడా తట్టలేదు. ఇంత తెలివితక్కువ పని కొత్తగా చేరినవాడు కూడా చేయడు. దీనికి యాభై ఏళ్ళ అలవాటు కావాలి.

అదీ స్పీకరే. అరచేతిలో పట్టే ఇనుప డబ్బా, వెనక కొక్కెం, కింద తెగిన తీగ. కార్లలోనే కూర్చుని సినిమా చూసే మైదానం ఉండేది ఊరవతల, ఇప్పుడక్కడ గోదాములు లేచాయి, ప్రతి కారు పక్కనా ఒక స్తంభం, స్తంభానికి ఈ డబ్బా, దాన్ని లాక్కుని కిటికీ అద్దానికి తగిలించుకుంటే సినిమా కారులోకి వచ్చేది. డెబ్భై ఒకటి జూలై, చలి, వాన, నా పాత హోల్డెన్ కారుకి వైపర్లు పనిచేయవు, పక్క సీట్లో లొరేన్, పరిచయమై మూడు నెలలు, డిక్కీలో ఆవిడ తమ్ముడు. డిక్కీలో ఎందుకంటే అందరూ అలాగే వచ్చేవాళ్ళు, టికెట్టు లేనివాణ్ణి దుప్పటి కింద పడుకోబెట్టి గేటు దాటించడం, లోపలికి వచ్చాక దింపుకోవడం. ఆ రోజు దింపే సందు దొరకలేదు, టార్చిలైటు పట్టుకుని ఒకాయన వరసల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. నా వైపు అద్దమంతా వానా ఆవిరీ, తెర కనిపిస్తే ఒట్టు. లొరేన్ తన వైపు స్వెట్టరు చేత్తో అరచేయంత మేర తుడుచుకుని, తను చూసేది నాకు చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు గుర్రం దిగాడు. తలుపు దగ్గర నిలబడ్డాడు, లోపలికి పోవాలా వద్దా అని చూస్తున్నాడు. ఆవిడ టోపీ తీసింది, ఏడ్చినట్టుంది. డబ్బాలోంచి గరగర, దాని పక్కన ఈ గొంతు. గంటంబావు అలా చూశాను, నా జన్మలో అంత బాగా ఏ సినిమా చూడలేదు, ఈ మాట నేను కళ్ళు పోయాక అనుకున్నది కాదు, ఆ రాత్రే అనుకున్నాను. అప్పుడు డిక్కీలో క్లైవ్ తుమ్మాడు. ఒకటి కాదు, మూడు. టార్చి మా వైపు తిరిగింది, కారు పోనియ్యి అంది లొరేన్, పోనిచ్చాను, డబ్బా సంగతి మర్చేపోయాను, తీగ ఫట్టుమని తెగింది, ఇంటికి వచ్చి చూస్తే కిటికీకి వేలాడుతోంది. ఆ మైదానం నుంచి డబ్బాతో సహా పోయినవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉంటారు, కొందరు తిరిగిచ్చారు, నేను ఇవ్వలేదు. ఇల్లు మారిన ప్రతిసారీ "ఆ తుక్కు పారేయి" అంది లొరేన్. పారేశానని చెప్పాను.

ఇప్పటి సినిమాలకి కళ్ళు లేనివాళ్ళ కోసం వేరే గొంతొకటి పెడుతున్నారు, తెర మీద ఏం జరుగుతోందో అది చెబుతూ ఉంటుంది, శుభ్రంగా, ఇస్త్రీ చేసినట్టు. లొరేన్‌కి ఆ గొంతంటే పడదు. "తలుపు తీశాడంటుందేమిటి, కాలితో తన్నాడు కదా" అని దానితో పోట్లాడుతుంది, చివరికి దాని నోరు నొక్కేసి తనే చెబుతుంది. నాకు కావలసింది అదే. వాన ఎడమ చెవి వెనక కురవాలి, గుర్రం కుడివైపు నుంచి రావాలి, మధ్యలో ఆవిడ చెప్పాలి. దీన్ని రేడియో అంటాడు క్లైవ్. కళ్ళున్న ప్రతివాడూ నాకు ఏది చాలో చెప్పేవాడే, నీకు రేడియో చాలు, నీకు కుర్చీ చాలు, నీకు పట్టుకోవడానికి గొట్టం చాలు, బాత్‌రూములో గొట్టం బిగించడానికి ఎవర్నో పంపిస్తే ఆ మనిషి గోడకి అడ్డదిడ్డంగా కన్నాలు పెట్టాడు, వాడు పోయాక ఆ కన్నాల చుట్టూ పూసింది నేను. నాకు ఏదీ చాలదు. డెబ్భై మూడేళ్ళు వచ్చాయి కాబట్టి చాలనుకోవాలంటే అస్సలు చాలదు.

మూడూ నలభై ఒకటి. అబద్ధం చెప్పొచ్చు. పాత నీళ్ళ పైపు కొట్టుకుంటోంది అనొచ్చు, ఇల్లు కట్టిన వడ్రంగి కొయ్య వదులుగా బిగించాడు అనొచ్చు, ఆయన చచ్చిపోయి ముప్పై ఏళ్ళు, వచ్చి కాదనడు. అందరూ నమ్ముతారు, గుడ్డివాడు అబద్ధం చెబుతాడని ఎవరూ అనుకోరు, ఇదొక సౌకర్యం. లేకపోతే టింగుమనకపోవచ్చు కూడా, బండి వణుకు వేరు, స్పీకరు వణుకు వేరు. కాదు, అదే వణుకు, నన్ను నేను మోసం చేసుకుంటే ఎలా, కింది స్వరాలకి ఇల్లు ఎలా కదులుతుందో నాకు తెలియదా. భయం వేసింది. అవును, భయమే, చెప్పడానికి సిగ్గేమిటి, షెడ్డు గోడ మీద హెంక్ తాపీ మేకుకి వేలాడుతున్నట్టు, పిట్టగూళ్ళకి మేకులు కొడుతూ ఎవడో దాన్ని చూసి ఇదెవరిది అని అడిగినట్టు, నా చెయ్యి అప్పుడు ఎక్కడుంటుంది, ఒళ్ళో ఉంటుంది, ఇంకో చేతిని పట్టుకుని ఉంటుంది. బకెట్లో మిగిలిన లప్పం మీద అరచెయ్యి పెట్టాను. వేడెక్కింది. బిగిసే ముందు అది ఒంటి వేడి దాకా వచ్చి, తర్వాత చల్లబడుతుంది. లేచి గోడ దగ్గరికి వెళ్ళాను, ఎనిమిది అడుగులు, ముట్టుకోకుండా ముందు చెంప దగ్గరగా పెట్టాను, తర్వాత చిటికెన గోరు. ఎడమ స్పీకరు అంచు ఎక్కడుందో ఆ చోట అడ్డంగా లాగాను. ఏమీ అనలేదు. కుడిది లాగాను. ఏమీ అనలేదు. నా పూతలో తప్పులేదు, లోకమంతా వచ్చి దీపాలు పట్టుకున్నా లేదు, గోడ లోపల ఉన్న తప్పు కూడా నాదే, దాన్ని చచ్చినవాడి నెత్తిన రుద్దను. ఇలా అనుకున్నాక కొంచెం తేలికపడ్డాను. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను.

నాలుగింటికి మొదట క్లైవ్ బూట్లు, తర్వాత టెగన్ తాళాల గుత్తి, ఆ వెనక లొరేన్ బౌల్స్ సంచి నేల మీద ధడేలుమంది.

"ఏం బావా, గోడ కనిపిస్తోందా?" అన్నాడు క్లైవ్.

"నువ్వు కనిపించడం లేదు, అంతవరకు హాయిగా ఉంది" అన్నాను.

దీపం మీట టక్కుమంది. గోడకి దాదాపు ఆనించి, పక్కవాటుగా వెలుగు పారిస్తే వెంట్రుకంత ఉబ్బు కూడా నీడ వేస్తుంది, ప్లాస్టరు వాళ్ళ పరువు తీయడానికి పెయింటర్లు కనిపెట్టిన విద్య అది. వాడి బూట్లు ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చాయి. మళ్ళీ వెళ్ళాయి. మోకాళ్ళ మీద కూర్చున్నాడు, లేచాడు, లేస్తూ మూలిగాడు. చాలాసేపటికి, నాకు వినపడకుండా అడిగాననుకుంటూ అడిగాడు, "ఇంతకీ వాటిని ఎక్కడ పెట్టావమ్మాయ్?"

"మీరే చెప్పాలి, దీపం మీ దగ్గరుంది" అంది టెగన్.

"ఆఁ, ఇదిగో ఇక్కడ. తలుపు పక్కన. ఉబ్బు."

వెళ్ళి తడిమాను. వేలి చివర పట్టగానే నవ్వొచ్చింది. "ఇది పాత గోడ క్లైవ్. ఎనభై ఎనిమిదిలో నువ్వే రంగేశావు. అప్పుడు కారింది, ఇంకా అలాగే ఉంది."

లొరేన్ నవ్వు ఆపుకోలేదు. ఆ నవ్వు ఆగకముందే టెగన్ శబ్దం మొదలుపెట్టింది, పైన సన్నటి ఈలతో, ఒక్కొక్క మెట్టే కిందికి దిగుతూ. గోడ అంతా పలికింది, ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా, దుప్పటి లేదు, ముసుగు లేదు. దిగింది, ఇంకా దిగింది, అరికాళ్ళకి తెలిసేదాకా దిగింది, అక్కడ గోడలోంచి టర్‌ర్‌ర్ అని ఇనుప చప్పుడు.

టెగన్ ఆపేసింది. "పూతది కాదు మర్వ్. స్పీకరుదీ కాదు. లోపల లోహం ఏదో ఉంది."

"ఎవరిదైతేనేం, కోయాల్సిందేగా?" అన్నాడు క్లైవ్. గొంతులో సంతోషం పెద్దగా లేదు, అది నాకు ఆశ్చర్యం.

"పాత పైపు అయ్యుంటుందిలే" అంది లొరేన్ వెంటనే. "అరవై ఏళ్ళ ఇల్లు, ఏవేవో ఉంటాయి. కోయడాలూ వద్దు, ఏమీ వద్దు." నేను గంటసేపు వద్దనుకున్న అబద్ధాన్ని పళ్ళెంలో పెట్టి ఇచ్చింది, నా కోసమే, నా మొహంలో ఏదో చూసి.

"పైపు కాదు" అన్నాను. "నేనే పెట్టాను. కింది స్వరం వస్తే మోగుతుందని నాకు తట్టలేదు. చిన్న రంపం ఇటివ్వు టెగన్."

కొయ్య నుంచి ఒక జానెడు, నాలుగు వేళ్ళు. భుజమెత్తు. గంట క్రితం నేను పూసిన పూతని నేనే కోశాను, చెయ్యి పట్టేంత నలుచదరంగా. లోపల చెయ్యి పెట్టి, మేకు తడిమి, కొక్కెం తప్పించి, బయటికి తీసి లొరేన్ చేతిలో పెట్టాను. తీగ ముక్క ఆవిడ ఉంగరానికి తగిలింది.

"పారేశానన్నావు" అంది.

"అన్నాను."

"యాభై ఏళ్ళ నుంచి అబద్ధం చెబుతున్నావు."

"యాభై రెండు."

ఆవిడ ఏడ్చిందని నాకు తెలుసు, ముక్కుతో గాలి పీల్చుకునే పద్ధతిని బట్టి. "ఏమిటక్కా అది?" అన్నాడు క్లైవ్. "నీ తుమ్ము" అంది ఆవిడ, ఏడుపులోనే. వాడు ఆ డబ్బాని తీసుకుని అటూ ఇటూ తిప్పుతున్నట్టు చప్పుడైంది. తర్వాత బయటికి వెళ్ళాడు, వాడి బండి తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

"దీన్ని షెల్ఫులో పెట్టుకోవచ్చు కదా మర్వ్, అందరూ చూస్తారు" అంది టెగన్ నెమ్మదిగా.

"నేను చూడను కదా. దాని చోటు గోడలోనే, ఆ రెండు స్పీకర్లకంటే వయసులో పెద్దది అది."

క్లైవ్ తిరిగొచ్చి నా చేతిలో ఏదో కుక్కాడు, ఉన్ని, పైన కుచ్చు, మా జీలాంగ్ ఫుట్‌బాల్ జట్టు టోపీ, చలికాలం ఆటలకి పెట్టుకుపోయేది. "ఇందులో చుట్టి పెట్టు బావా. ఇక తుమ్మినా వినపడదు."

చుట్టాను. పెట్టాను. టెగన్ ఈసారి మేకుకి కాదు, కొయ్యకే పట్టీ వేసి బిగించింది. అప్పుడు నేను హెంక్ తాపీని తీసి, పిడి వాడి వైపు తిప్పి చాచాను. "మాట మాటే. గోడ కోశాం. మిగతావి గరాజులో ఉన్నాయి, తీసుకుపో."

తీసుకున్నాడు. బరువు చూసినట్టున్నాడు. కోసిన అంచు నుంచి సుద్దపొడి నేల మీద రాలుతున్న చప్పుడు కూడా నాకు వినిపిస్తోంది.

"తీసుకున్నావుగా క్లైవ్" అంది లొరేన్. "మరి ఆ కన్నం నువ్వు మూస్తావా?"

పిడి మళ్ళీ నా అరచేతిలోకి వచ్చింది, నా బొటనవేలు దాని గుంటలోకి అదే వెళ్ళి కూర్చుంది. "ముందు ఇది మూసెయ్యి. ఆ షెడ్డు గోడ నిండా ఎలాగూ పిట్టగూళ్ళే ఉన్నాయి" అన్నాడు.

"నీళ్ళు" అన్నాను. లొరేన్ తెచ్చింది. టెగన్ కోసిన ముక్కకి వెనక చెక్క ఆనించి కన్నంలో అమర్చింది, నేను అరవై రకం సంచిలోంచి రెండు గుప్పిళ్ళు బకెట్లో వేసి కలుపుకున్నాను, వేళ్ళ మధ్య ఉండ తగలనంతవరకు కలిపాను. గోడ ముందు నిలబడితే ఎడమ చెంప చుర్రుమంది.

"క్లైవ్, ఆ దీపం ఆర్పు. వేడికి పూత బీటలిస్తుంది."

"ఆర్పితే ఎవరికీ ఏమీ కనపడదు బావా."

"ఆర్పు" అన్నాను.

మీట టక్కుమంది. కర్టెన్లు లాగి ఉన్న ఆ గదిలో వాళ్ళు ముగ్గురూ ఎక్కడి వాళ్ళక్కడ కదలకుండా నిలబడిపోయారు. నేను పని మొదలుపెట్టాను.